సొంత ఊరిని మరువని కలం

సినిమా అనే మాట వినగానే మన క్రైస్తవ గృహాలలో పెద్దలు కొందరు ముఖం చిట్లించుకుంటారు. వారి భయం కారణం లేనిదని మేము అనము. ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని చూడదగిన చిత్రాలు ఎప్పుడూ తక్కువే. అయితే సంచలనాల వెంట పడకుండా, సామాన్యుల ఇళ్ళలోని కన్నీటిని, ఓర్పును, ప్రార్థనను నమ్ముకుని దాదాపు డెబ్బై ఏళ్ళపాటు నాటకాలు, టెలివిజన్ కథలు, సినిమాలు రాసినవాడు ఒకాయన అమెరికాలో ఉండేవాడు. ఆయన పేరు హోర్టన్ ఫుట్. ఆయన జీవితం నుండి మన కుటుంబాలు నేర్చుకోవలసింది కొంత ఉన్నదని తోచి, ఈ నెల ఆయనను మా పాఠకులకు పరిచయం చేస్తున్నాము.

బట్టల కొట్టు యజమాని కుమారుడు

ఫుట్ 1916 మార్చి 14న టెక్సాస్ రాష్ట్రంలోని వార్టన్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. ఈనాడు ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన హూస్టన్ నగరానికి అది నైరుతి దిక్కున ఉంటుంది. తండ్రికి అక్కడ మగవారి బట్టల కొట్టు ఉండేది. పిల్లవాడికి వరండాల్లో కూర్చుని పెద్దవాళ్ళు చెప్పుకునే మాటలు వినడమంటే ఇష్టం. ఎవరి పొలం ఎలా పోయింది, ఎవరి కొడుకు తాగి చెడిపోయాడు, ఎవరి ఇంట్లో చావు వచ్చింది — ఈ ముచ్చట్లన్నీ అతని మనసులో నాటుకుపోయాయి.

పదిహేడేళ్ళయినా సరిగా నిండని వయసులో నటుడు కావాలని ఇల్లు విడిచాడు. కాలిఫోర్నియాలోని పాసడీనాలో శిక్షణ పొంది న్యూయార్క్ చేరాడు. అక్కడ తోటి యువ నటులతో కలిసి ఒక చిన్న నాటక సంస్థలో పనిచేస్తుండగా, ఎవరి ఊరి సంగతులు వారు నటించి చూపించే అభ్యాసం పెట్టుకున్నారు. ఫుట్ వార్టన్‌ను చూపించాడు. అది చూసిన నృత్యదర్శకురాలు ఆగ్నెస్ డి మిల్, ఇవన్నీ కాగితం మీద పెట్టమని సలహా ఇచ్చింది. ఆ ఒక్క సలహాతో నటుడు రచయిత అయ్యాడు. 1940 నుండి ఆయన నాటకాలు రంగస్థలం ఎక్కసాగాయి. 1945లో లిలియన్ వాలిష్‌ను వివాహం చేసుకున్నాడు. ప్రభువు వారికి నలుగురు పిల్లలను అనుగ్రహించాడు. 1992లో ఆమె చనిపోయేవరకు, నలభై ఏడేళ్ళపాటు ఆ కాపురం నిలిచింది.

ఒక తల్లి ప్రయాణం

1950ల తొలినాళ్ళలో అమెరికాలో టెలివిజన్ కొత్త. నాటకాలను ముందుగా చిత్రీకరించి దాచుకునే వీలు ఇంకా సరిగా లేదు. నటులు స్టూడియోలో నటిస్తూ ఉండగానే దేశమంతా చూసేది. అటువంటి రోజుల్లో, 1953 మార్చి 1న ఎన్‌బీసీ సంస్థ ఫుట్ రాసిన 'ది ట్రిప్ టు బౌంటిఫుల్' అనే నాటకాన్ని ప్రసారం చేసింది. మూకీ సినిమాల కాలం నుండి పేరుపొందిన లిలియన్ గిష్ అందులో ముఖ్యపాత్ర ధరించింది. అదే సంవత్సరం అది బ్రాడ్వే రంగస్థలానికి వెళ్ళింది. 1985లో సినిమా అయింది. ఆ సినిమాలో నటించినందుకు జెరాల్డీన్ పేజ్‌కు ఉత్తమ నటిగా ఆస్కార్ బహుమతి వచ్చింది.

కథ ఏమిటి? క్యారీ వాట్స్ అనే వృద్ధురాలు హూస్టన్‌లో ఒక ఇరుకు వాటాలో కొడుకు లూడీతోను, కోడలు జెస్సీ మేతోను ఉంటుంది. పని చేసుకుంటూ కీర్తనలు పాడుకోవడం ఆమెకు అలవాటు. కోడలికి ఆ పాట గిట్టదు. అత్తగారి పింఛను చెక్కు మాత్రం కావాలి. కొడుకు చెడ్డవాడు కాడు, కాని జబ్బుపడి లేచి, చిన్న ఉద్యోగంలో చేరి, తల్లికీ భార్యకూ మధ్య నలిగిపోతున్నవాడు. చనిపోయేలోగా తాను పుట్టిపెరిగిన బౌంటిఫుల్ అనే పల్లెను ఒక్కసారి చూడాలని ఆ తల్లి కోరిక. ఒక రోజు చెక్కు దాచుకుని ఎవరికీ చెప్పకుండా బస్సు ఎక్కుతుంది. తీరా దగ్గరకు వెళ్ళేసరికి ఆ ఊళ్ళో మిగిలిన ఒకే ఒక మనిషి, తన చిన్ననాటి స్నేహితురాలు, అంతకుముందే కన్నుమూసిందని తెలుస్తుంది. ఆమెను వెనక్కి పంపవలసిన పోలీసు అధికారి జాలిపడి తానే అక్కడికి తీసుకువెళతాడు. పాడుబడిన ఇల్లు, మౌనంగా ఉన్న పొలాలు తప్ప అక్కడ ఏమీ లేవు. కొడుకు వచ్చి ఆమెను మళ్ళీ నగరానికి తీసుకుపోతాడు.

ఇంతే కథ. ఆ తల్లికి ఇల్లు తిరిగి రాలేదు, కోడలు దేవదూతగా మారలేదు. అయినా ఆమె తన మట్టిని తాకి, తన వారిని తలచుకుని, మిగిలిన రోజులు గౌరవంగా గడపగల బలం తెచ్చుకుంటుంది. కోడలిని కూడా ఫుట్ రాక్షసిగా చూపించలేదు. ఇరుకు ఇంట్లో విసిగిపోయిన మనిషిగానే చూపించాడు. ఎవరినీ తీర్పు తీర్చకపోవడం ఆయన రచనల్లో మొదటి గుణం.

2013లో ఈ నాటకాన్ని మళ్ళీ బ్రాడ్వేలో ప్రదర్శించినప్పుడు నల్లజాతి నటి సిసిలీ టైసన్ ఆ తల్లి పాత్ర వేసి టోనీ బహుమతి పొందింది. ఆమె రంగస్థలం మీద 'బ్లెస్డ్ అష్యూరెన్స్' అనే కీర్తన ఎత్తుకుంటే, టిక్కెట్టు కొని వచ్చిన ప్రేక్షకులు తాము ఆరాధనలో ఉన్నట్టే గొంతు కలిపేవారు. వారిని పాడమని ఎవరూ అడగలేదు.

రెండు ఆస్కార్లు, మధ్యలో ఇరవై ఏళ్ళు

హార్పర్ లీ నవల 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'ను 1962లో సినిమాగా తీసినప్పుడు స్క్రీన్‌ప్లే రాసింది ఫుట్. నిర్దోషి అయిన నల్లజాతి మనిషి పక్షాన కోర్టులో నిలబడిన ఒక తెల్ల న్యాయవాది కథ అది. నవలలో మూడేళ్ళకు పైగా సాగే సంఘటనలను ఆయన ఇంచుమించు ఒక్క ఏడాదిలోకి కుదించాడు. అయినా పిల్లల కళ్ళతో లోకాన్ని చూడడమనే గుణం చెడనివ్వలేదు. ఆ రచనకు ఆస్కార్ వచ్చింది. తనకు రాదనుకుని ఆయన ఆ సభకే వెళ్ళలేదు!

అటువంటి విజయం తరువాత దారి నల్లేరు మీద బండి నడక అవుతుందని అనుకుంటాము. అలా కాలేదు. 1966లో ఆయన నాటకం 'ది ఛేజ్' సినిమాగా వచ్చినప్పుడు స్క్రీన్‌ప్లే మరొకరు రాశారు. లోకం అభిరుచి మారింది. మెల్లగా మాట్లాడే ఆయన పాత్రలు పెద్ద సంస్థలకు అక్కరలేకపోయాయి. ఆయన కుటుంబంతో న్యూ హాంప్‌షైర్ పల్లె ప్రాంతానికి వెళ్ళిపోయాడు. 1973లో తండ్రి, ఆ మరుసటి ఏడు తల్లి మరణించారు. ఆ దుఃఖంలో నుండే తన తండ్రి బాల్యం మొదలుకొని కుటుంబ చరిత్రను తొమ్మిది నాటకాలుగా రాశాడు. వాటిని ఎవరు ప్రదర్శిస్తారో అప్పటికి తెలియదు. అయినా రాశాడు.

1983లో 'టెండర్ మెర్సీస్' వచ్చింది. కీర్తనల గ్రంథంలో మనం 'కరుణాతిశయములు' అని చదువుకునే మాటే ఆ పేరు. తాగుడు వలన పేరు, కుటుంబం పోగొట్టుకున్న ఒక గాయకుడిని, యుద్ధంలో భర్తను కోల్పోయిన ఒక విధవరాలు ఆదరిస్తుంది. పని ఇస్తుంది, తన కొరకు ప్రార్థిస్తుంది, తరువాత భార్య అవుతుంది. అతడు, ఆమె కుమారుడు ఒకే రోజున బాప్తిస్మము పొందుతారు. అక్కడితో అంతా శుభం అని ముగించలేదు ఫుట్. ఆ తరువాతనే అతని కూతురు ప్రమాదంలో చనిపోతుంది. తోటలో పని చేస్తూ, తనకు ఇంత కృప ఎందుకు కలిగిందో, ఆ బిడ్డకు ఆ చావు ఎందుకు వచ్చిందో అని అతడు అడుగుతాడు. జవాబు దొరకదు. భార్య పక్కనే నిలబడుతుంది, అంతే. యోబు గ్రంథాన్ని చదివినవారికి ఆ నిశ్శబ్దం కొత్త కాదు. ఈ సినిమాకు ఫుట్‌కు రెండవ ఆస్కార్, గాయకుడిగా నటించిన రాబర్ట్ డువాల్‌కు ఉత్తమ నటుడి ఆస్కార్ లభించాయి. ఈసారి ఫుట్ సభకు వెళ్ళాడు.

1995లో, 79 ఏళ్ళ వయసులో, 'ది యంగ్ మాన్ ఫ్రమ్ అట్లాంటా' నాటకానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. 1997లో టెలివిజన్ రచనకు ఎమ్మీ, 2000లో జాతీయ కళా పతకం. 2009 మార్చి 4న, మరి పది రోజులలో 93 నిండుతాయనగా, ఆయన కన్నుమూశాడు. అప్పటికీ చేతిలో పని ఉంది. ఆ తొమ్మిది కుటుంబ నాటకాలను ప్రదర్శనకు సిద్ధం చేస్తున్నాడు. ఆ ఏడాదే హార్ట్‌ఫర్డ్‌లోను, తరువాత న్యూయార్క్‌లోను అవి వరుసగా ప్రదర్శించబడ్డాయి.

మనకేమి?

ఫుట్ మెథడిస్టు వాతావరణంలో పెరిగాడు, తరువాత క్రిస్టియన్ సైన్స్ అనే శాఖలో చేరాడు. ఆ శాఖ సిద్ధాంతాలతో మనము ఏకీభవించనక్కరలేదు. ఆయన నాటకాలు ప్రసంగాలూ కావు. అయితే విశ్వాసముగల మనుషులను వెక్కిరించకుండా, అలాగని దేవదూతలుగా చేయకుండా, ఉన్నవారిని ఉన్నట్టు చూపడం ఆయన చేసిన మేలు.

మన సంఘాలలో రాయగల యువతీయువకులు ఉన్నారు. క్రిస్మస్ నాటిక రాయాలంటే ఎక్కడో కథ వెతుక్కుంటారు. మీ పేటలో, మీ నాయనమ్మ మాటల్లో, మీ సంఘ పెద్ద పడిన పాట్లలో ఉన్న కథలను చూడమని మేము కోరుతున్నాము. ఫుట్ ఒక్క చిన్న పట్టణాన్ని తవ్వుకుంటూ జీవితమంతా గడిపాడు, అది తరగలేదు.

ఇంకొక మాట. పిల్లలతోపాటు హైదరాబాదుకో, అమెరికాకో వెళ్ళి నాలుగు గోడల మధ్య కాలం గడుపుతున్న క్యారీ వాట్సులు మన సంఘాలలో ఎందరో. వేళకు భోజనం, మందులు అన్నీ అందుతాయి. వారి పాట వినేవారు ఉండరు, వారి ఊరి పేరు ఎత్తేవారు ఉండరు. కుమారులారా, కోడళ్ళారా, ఈ సెలవులలో అమ్మను ఒకసారి ఆమె ఊరికి తీసుకువెళ్ళండి. ఆ ఇల్లు పడిపోయినా సరే, ఆ మందిరం మారిపోయినా సరే. అంత దూరం వీలుకాకపోతే ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో కీర్తన ఎత్తే పని ఆమెకు ఇవ్వండి. గొంతు వణికినా చివరి చరణం వరకు పాడనివ్వండి.