సాలవృక్షమూ అకాలపుష్పాలూ: జంషెడ్‌పూర్ పర్యటనలో ఒక పరిశీలన

శిల్పఫలకంపై చెక్కిన వృక్షం ఏ జాతిదో నిర్ణయించవలసి వచ్చినపుడు, పురావస్తు పరిశోధకునికి గ్రంథాలయంతో పాటు విశ్వవిద్యాలయ వృక్షోద్యానం కూడ అవసరమే. చక్కగా నిర్వహించిన ఉద్యానంలో చెట్టు చెంతనే దాని శాస్త్రీయనామం, కుటుంబం, జన్మస్థానం వ్రాసి ఉంటాయి. అయితే అక్కడ ఒంటరిగా నిలిచిన చెట్టు తన రూపాన్ని చూపగలదు గాని తన అడవిని చూపలేదు.

కొన్నేళ్ల క్రితం ఒక విహార ప్రాంగణంలోని వృక్షాలను నమోదు చేస్తూ, అక్కడివారు చెప్పినట్లే ఒకదాని ఎదుట ‘సాలవృక్షం’ అని వ్రాసుకొన్నాను. మ్రాను పొడవునా పెద్ద పూలు, ఫిరంగిగుండ్లవంటి కాయలు. ఆ తరువాత ఒక విశ్వవిద్యాలయ వృక్షోద్యానంలో అదే చెట్టు క్రింద ‘కూరుపిటా గయానెన్సిస్, దక్షిణ అమెరికా’ అని చదివి సిగ్గుపడ్డాను. అది మనం నాగలింగమనే చెట్టు. 1775లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఓబ్లే దానిని తొలిసారి శాస్త్రీయంగా వర్ణించాడు. బుద్ధుని కాలపు భారతదేశంలో అది ఉండే అవకాశమే లేదు. శ్రీలంక, థాయిలాండ్ విహారాలలో సాల పేరుతో నేటికీ దానినే పెంచుతున్నారు. భక్తుడు అర్పించే పువ్వులో దోషం లేదు; దోషం నా పట్టికలోనిది.

నిజమైన సాలను దాని అడవిలోనే చూడాలన్న కోరిక చైత్రమాసంలో జంషెడ్‌పూర్ వెళ్లినపుడు తీరింది. ఆ ఉక్కునగరానికి ఉత్తరాన ఉన్న దల్మా కొండలలో సాల విస్తారంగా పెరుగుతుంది. నిటారైన మ్రాను, కొమ్మల చివర గుత్తులుగా లేతపసుపు చిన్నపూలు. నాగలింగంతో ఏ పోలికా లేదు. మనం ధూపం వేసే గుగ్గిలం దీని జిగురే. దీని శాస్త్రీయనామం షోరియా రోబస్టా. షోరియా అన్న ప్రజాతినామం గవర్నర్ జనరల్ జాన్ షోర్ పేరిట రాక్స్‌బర్గ్ పెట్టినది. ఈ రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా ఉద్యానానికి వెళ్లకమునుపు మన సామర్లకోటలో మొక్కలు పెంచినవాడే.

అక్కడి సంతాలులు ఫాల్గుణంలో బాహా పండుగనాడు, ఝార్ఖండ్‌లోని ఉరావులు చైత్రంలో సర్హుల్ నాడు సాలపూలతో తమ దేవతలను అర్చిస్తారు. అంటే సాల పూసే కాలాన్ని ఆ పండుగలే చెబుతున్నాయి. వైశాఖ పూర్ణిమ నాటికి పూలు రాలి, రెక్కల కాయలు తయారవుతుంటాయి. మహాపరినిబ్బాన సుత్తంలో జంట సాలవృక్షాలు అకాలంలో పూచాయన్న మాటను నేను చిరకాలం కేవలం మహిమావర్ణనగా చదివాను. పరినిర్వాణం వైశాఖ పూర్ణిమనాడన్న థేరవాద సంప్రదాయాన్ని అనుసరిస్తే, ‘అకాలం’ అన్నది ఆ అడవిని ఎరిగినవారి నిర్దిష్టమైన మాట. సర్వాస్తివాదులు చెప్పే కార్తికానికైనా ఆ మాట చెల్లుతుంది. నాగలింగాన్ని సాలగా భావించే పాఠకునికి ఈ అర్థం అందదు. దాని పూత ఒక్క ఋతువుకు పరిమితం కాదు.

మన శిల్పాల విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. సాలవనాల దక్షిణపుటంచు ఉత్తరాంధ్ర మన్యం. కృష్ణాతీరంలో అవి లేవు. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు మాయాదేవి చేతికిచ్చిన కొమ్మను చూచి చెక్కారా, విని చెక్కారా? పైగా నిదానకథ లుంబినిలో సాలవనాన్ని చెబితే, లలితవిస్తరం ప్లక్షవృక్షాన్ని చెబుతుంది. అందుచేత నా పట్టికలో ఆ ఫలకాల ఎదుట ‘సాల’ అన్న మాట కొట్టివేసి, ‘వృక్షశాఖ, ఆకు ఆకృతి పరిశీలించవలెను’ అని మార్చుకొన్నాను.