లౌకిక రాజ్యం: వలస పాలన, క్రైస్తవ మైనారిటీల పాత్ర

లౌకిక రాజ్యం బ్రిటిష్ వారు ఇచ్చి వెళ్లిన కానుక అని కొందరు, మైనారిటీల మెప్పు కోసం చేసిన ఏర్పాటు అని మరికొందరు జవాబు పత్రాల్లో రాస్తుంటారు. ఏళ్ల తరబడి దిద్దినవాణ్ని కనుక చెబుతున్నాను, రెండూ సరికావు. ఎందుకో చూద్దాం.

ఈస్టిండియా కంపెనీకి మతం కంటే వ్యాపారం ముఖ్యం. మిషనరీల వల్ల అలజడి రేగుతుందన్న భయంతో 1813 చార్టర్ చట్టం వరకు వారిని తన భూభాగంలో స్వేచ్ఛగా పనిచేయనివ్వలేదు. విలియం కేరీ డేనిష్ వారి శ్రీరాంపూర్‌లో స్థిరపడింది అందుకే. అదే కంపెనీ మరోవైపు దేవాలయాలను పర్యవేక్షించింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1817 నాటి ఏడో రెగ్యులేషన్ ఆ బాధ్యతను రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. తిరుమల ఆదాయంలో మిగులు కంపెనీ ఖజానాకు చేరేది. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనకు అండగా నిలవడమేమిటని మిషనరీలు, వారి మద్దతుదారులు ఆందోళనకు దిగారు. మద్రాసు సేనాధిపతి సర్ పెరెగ్రిన్ మెయిట్‌లాండ్ ఈ వివాదంలోనే 1838లో రాజీనామా చేశాడు. 1843లో తిరుమల నిర్వహణ హాథీరాంజీ మఠం మహంతులకు దక్కింది. 1863 చట్టంతో ప్రభుత్వం మిగిలిన ఆలయాల నిర్వహణ నుండి కూడా తప్పుకుంది.

ఇక్కడ ఒక వింత గమనించండి. మతం నుండి ప్రభుత్వం తప్పుకోవాలని అంత గట్టిగా పోరాడినవారు లౌకికవాదులు కారు, తమ మతం మీద పట్టుదల ఉన్నవారు! ఆ ఎడం కూడా నిలవలేదు. 1920లలో జస్టిస్ పార్టీ ప్రభుత్వం చట్టం చేసి ఆలయాలను మళ్లీ పర్యవేక్షణలోకి తెచ్చింది.

వలస పాలన మిగిల్చిన మరో వారసత్వం మతాన్ని బట్టి ఓటు. 1919 చట్టం కింద మద్రాసులో భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఏర్పడ్డాయి. రాజ్యాంగ సభ ఈ పద్ధతిని వదిలేసింది. సభ ఉపాధ్యక్షుడైన బెంగాలీ క్రైస్తవుడు హెచ్.సి. ముఖర్జీ మతపరమైన రిజర్వుడు స్థానాలు వద్దన్నవారిలో ముఖ్యుడు. 1949 మేలో సభ వాటిని రద్దు చేసింది. క్రైస్తవులు పట్టుబట్టింది వేరే మాట కోసం: నేటి 25వ అధికరణంలోని ‘ప్రచారం’. 1948 డిసెంబరులో లోక్‌నాథ్ మిశ్రా వంటివారు దాన్ని వ్యతిరేకించగా, కె.ఎం. మున్షీ, టి.టి. కృష్ణమాచారి సమర్థించారు. ఆ సమర్థకులిద్దరూ హిందువులే.

అయితే స్వేచ్ఛ అందరికీ ఒకే ధరకు దొరకలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కుల హోదాను ప్రధానంగా హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించింది కాని క్రైస్తవులకు విస్తరించలేదు. తెలుగు క్రైస్తవుల్లో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. మతం మారినట్టు నమోదైనవారు మన రాష్ట్రాల జాబితాల్లో బి.సి.-సి వర్గం కిందికి వస్తారు. వారి వాటా 1 శాతం.