హృదయధ్వని వినుటకు ఏ గొట్టము మేలు?

పెన్న పారు సీమలో, పెనుకొండ హిందూపురములకు చేరువనున్న రొద్దమును ఇంటిపేరుగా దాల్చి జగద్విఖ్యాతి గాంచిన శాస్త్రజ్ఞులొకరు కలరు. పూర్వులది ఈ గ్రామమే యైన రొద్దం నరసింహగారు (1933–2020) బెంగుళూరులో చదివి, సతీశ్ ధావన్ వద్ద శిష్యరికము చేసి, 1961లో కాలిఫోర్నియాలో డాక్టరు పట్టము పొంది, ప్రశాంతముగా సాగు ప్రవాహము ఏ క్షణమున సుడులు తిరిగి క్షోభించునో, క్షోభించినది మరల ఎట్లు శాంతించునో తెలిసికొనుటయందు తమ మేధను వినియోగించినారు. విమానపు రెక్కపై పారు గాలికి వర్తించు ఆ న్యాయమే మన యెదలో పారు రక్తమునకును వర్తించును. వైద్యుడు రోగి రొమ్మున స్టెతస్కోపు గొట్టము నానించి విని మర్మరమని పేరుపెట్టు ధ్వని యీ క్షోభనుండి పుట్టినదే.

ఆరోగ్యముగా నున్న గుండెలో ప్రధానముగా వినబడు శబ్దములు రెండు. కర్ణికలకు జఠరికలకు నడుమనున్న కవాటములు మూతపడునప్పుడు మొదటిదియు, జఠరికలనుండి బృహద్ధమనికిని పుపుస ధమనికిని పోవు ద్వారములు మూతపడునప్పుడు రెండవదియు కలుగును. వాని నడిమి కాలమున రక్తము సద్దుచేయక పారుచుండును. కాలువ నీరు వెడల్పున మెల్లగా సాగునంతసేపు చప్పుడు చేయక ఇరుకు తూములో చొరబడగనే ఘోషించునట్లు, కవాటము బిరుసెక్కి సందు తగ్గినను, సరిగా మూతపడక రక్తము వెనుకకు చిమ్మినను, జఠరికల నడిమి గోడకు చిల్లు పడినను, ఆ నిశ్శబ్దము చెడి మర్మరము పుట్టును. అయితే మర్మరము ఎంత బిగ్గరగా నుండునో రోగము అంత పెద్దదని తలపరాదు. చిన్న చిల్లు గుండా రక్తము మహావేగముతో చిమ్ముటచే పెద్దధ్వని కలుగగా, పెద్ద చిల్లు ఒక్కొక్కప్పుడు అంతగా సద్దుచేయకయే బిడ్డను క్రుంగదీయును. కావున శబ్దమును హెచ్చించు యంత్రము, ఆ హెచ్చించుటతోడనే, రోగమును తెలిపినట్లు కాదు.

1816లో పారిస్ నగరపు నెకర్ వైద్యశాలలో లేనెక్ అను వైద్యుడు, యువతియైన రోగి రొమ్మునకు చెవి యానించుట మర్యాద కాదని తలచి, కాగితములను గొట్టముగా చుట్టి వినగా, చెవి యానించినదానికంటె స్పష్టముగా వినబడెను. పిమ్మట చెక్కగొట్టము చేసికొని, రోగి బ్రదికియుండగా తాను విన్నదానిని మరణానంతర పరీక్షలో కన్నదానితో ఓపికగా సరిపోల్చి, 1819లో గ్రంథము వెలువరించెను. ఆయన ఘనత ఈ సరిపోల్చుటయందే యున్నదని నా నమ్మకము. రెండు చెవులకు పెట్టుకొను గొట్టములు 1850 తరువాతను, నేటి తేలికపాటి రూపము 1960 దశకమున డేవిడ్ లిట్‌మన్ అను అమెరికా వైద్యుని మూలముగాను వాడుకలోనికి వచ్చినవి.

ఈ సాధారణ గొట్టపు కొనయందు ఒకవైపు బిగువైన పలుచని పొరయు, మరియొకవైపు చిన్న గిన్నెయు ఉండును. పొర హెచ్చుస్థాయి ధ్వనులను చక్కగా అందించును. గిన్నె తక్కువస్థాయి ధ్వనులను పట్టును. గిన్నెను గట్టిగా నొక్కినచో చర్మమే బిగిసి పొరవలె పనిచేయుటచే ఆ తక్కువ ధ్వనులు మాయమగును. ఎడమ కర్ణికా జఠరికల నడిమి ద్విపత్ర కవాటము ఇరుకైనప్పుడు పుట్టు మంద్రమైన గురగురను వినవలెనన్న, రోగిని ఎడమ ప్రక్కకు ఒరిగించి, గుండెకొన కొట్టుకొను చోటు వ్రేలితో గుర్తించి, గిన్నెను తేలికగా ఆనించి, గదిలో సద్దుమణగువరకు వేచియుండవలెను. ఇంత పాటునకు కారణమున్నది: గుండె చప్పుళ్ల శక్తిలో అధికభాగము సెకనుకు 20 మొదలు 200 కంపనముల నడుమ నుండగా, మానవ శ్రవణము మిక్కిలి చురుకుగా నుండునది 2,000 మొదలు 4,000 కంపనముల నడుమ. చెవిబిరడా సరిగా కుదురకున్న ముందుగా జారిపోవునవి ఆ మంద్రధ్వనులే.

ఎలక్ట్రానిక్ స్టెతస్కోపు ఈ కష్టమును తీర్చుటకై పుట్టినది. రొమ్ముపై కంపనములను అది విద్యుత్సంకేతములుగా మార్చి, హెచ్చించి, వడగట్టి, తిరిగి ధ్వనిగా చెవికందించును. వినికిడి తగ్గిన వైద్యులకు ఇది నిజముగా మేలుచేసినది. కాని వ్రేలి కదలికను, చొక్కా రాపిడిని కూడ అది హెచ్చించును. బయటి చప్పుడును తగ్గించు నేర్పు కొన్నిటికున్నను, ధర్మవరములో మగ్గముల మోతయో, ఆస్పత్రి గుమ్మమున నిలిచిన బస్సు గురగురయో హృదయధ్వని పరిధిలోనే పడినప్పుడు, మోతను తీసివేయు వడపోత మర్మరమును కూడ కొంత హరింపవచ్చును. బ్యాటరీ అయిపోయిన యంత్రము మూగవోవును. వెల పెక్కురెట్లు హెచ్చు. నిశ్శబ్దమైన గదిలో, తర్ఫీదు పొందిన చెవికి, మంచి సాధారణ గొట్టమే చాలునని నా నిర్ణయము.

అట్లనుటచే క్రొత్త యంత్రమును త్రోసిపుచ్చుట లేదు. దాని అసలు బలము ధ్వనిని భద్రపరచి దూరమునకు పంపగలుగుటయందున్నది. చెక్కగొట్టములో విన్నది విన్నవానితోనే పోవును. క్రొత్త యంత్రములోనైతే నేటి మర్మరమును వచ్చే యేటి మర్మరముతో పోల్చవచ్చును, గీతలుగా తెరపై చూడవచ్చును, రొద్దము ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో విన్నదానిని హృద్రోగ నిపుణునికి వినిపింపవచ్చును. ఈ సీమకు చికిత్స దూరము కాదు. పుట్టపర్తిలో 1991 నవంబరు 22న నాటి ప్రధాని పి.వి. నరసింహారావుగారు ప్రారంభించిన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్యశాల గుండెకు ఉచితముగా శస్త్రచికిత్స చేయుచున్నది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ అను ప్రభుత్వ ఉచిత వైద్యపథకము తొలుత ఆరంభమైన మూడు జిల్లాలలో, ఈ సీమ నాడు చేరియుండిన అనంతపురము ఒకటి. ఇంత సదుపాయముండియు ఒక బిడ్డ రోగము ముదురువరకు బయటపడకున్నచో, లోపము మొట్టమొదట వినవలసినచోట జరిగినదని నేననుకొందును. అందుచే ప్రతి ఆరోగ్యకేంద్రమునను ధ్వనిని నిలుపగల యంత్రము ఒక్కటైన నుండుట న్యాయము.

మర్మరమును తానే గుర్తించు కృత్రిమ మేధకు 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి నిచ్చినది. అది సాయమే కాని తీర్పు కాదు. వినుటకే హద్దు కలదు. కంబోడియా, మొజాంబిక్ దేశముల బడిపిల్లలపై జరిగి 2007లో ప్రకటితమైన పరిశోధనలో, గొట్టముతో పట్టుబడిన కవాటరోగముకంటె, ధ్వనితరంగములతో గుండెను తెరపై చూపు ఎకో పరీక్షలో దాదాపు పదింతలు బయటపడినది. కావున అనుమానము కలిగినచోట ఎకో తప్పనిసరి.

తల్లిదండ్రులకు ఒక మనవి. గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారములకు బిడ్డకు జ్వరము వచ్చి, మోకాలి నొప్పి చీలమండకు, అక్కడినుండి మోచేతికి మారుచుండిన, కీళ్లవాతమని నాటుమందుతో సరిపెట్టక వెంటనే ఆస్పత్రికి తీసికొనిపొండు. అది కవాటములను చెరచు రుమాటిక్ జ్వరము కావచ్చును. ఆ రోగమే యని తేలినచో మూడు నాలుగు వారములకొకమారు వేయు పెన్సిలిన్ సూదిమందును, వైద్యుడు చాలుననువరకు, బిడ్డ హుషారుగా ఆడుకొనుచున్నను మానవలదు.