కుట్టు నిలవాలంటే.. మిషన్ కుదురుగా ఉండాలి
* కుషన్ దుకాణాలకు పవర్ మిషనే ఆధారం
* అమరికలో అలసత్వం వహిస్తే రెగ్జిన్ వృథా, గిరాకీ దూరం
* చిన్న మరమ్మతులు నేర్చుకుంటే ఖర్చు ఆదా

ఆటోనగర్ (విజయవాడ): లారీ క్యాబిన్‌లో డ్రైవరు సీటు, బడి పిల్లల ఆటోలో వెనుక బెంచీ, మధ్యతరగతి ఇంట్లో సోఫా.. వీటన్నింటినీ నిలబెట్టేది దారపు కుట్టే. పైకి కనిపించే రంగు, మెరుపు చూసి కొనుగోలుదారు మురిసిపోయినా, అతుకు విడిపోయిన రోజున దుకాణదారు పేరే మొదట బయటకు వస్తుంది. బట్టకు, రెగ్జిన్‌కు ఉన్న ప్రధానమైన తేడా కూడా ఇక్కడే ఉంది. బట్టపై కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. రెగ్జిన్‌లోనో తోలులోనో సూది చేసిన రంధ్రం తిరిగి పూడదు. ఒక్క వరుస చెడితే ఆ ముక్క మొత్తం పక్కన పడేయాల్సిందే. ఆ నష్టాన్ని భరించేది దుకాణదారే.

వాహనాల బాడీ నిర్మాణానికి పేరొందిన విజయవాడ ఆటోనగర్ మొదలుకొని మండల కేంద్రాల్లోని చిన్న చిన్న కుషన్ దుకాణాల వరకు ఎందరో ఈ పనిపై ఆధారపడి జీవిస్తున్నారు. చాలా దుకాణాల్లో ఉండేది ఒకే ఒక్క పవర్ మిషన్. అది మొరాయిస్తే ఆ రోజు కూలి పోయినట్లే. పట్టణం నుంచి మెకానిక్ వచ్చే వరకు బేరాలు నిలిచిపోతాయి. జూన్‌లో బడులు తెరిచే ముందు ఆటోల సీట్లకు, పెళ్లిళ్ల కాలంలో సోఫాలకు గిరాకీ ఉన్నప్పుడే ఇటువంటి అవస్థ ఎదురైతే నష్టం మరింత పెరుగుతుంది. నిజానికి ఈ మొరాయింపుల్లో అనేకం మిషన్ లోపాలు కావు. అమరికలో, రోజువారీ శుభ్రతలో జరిగే పొరపాట్లే వీటికి మూలం.

ఇంటి మిషన్ ఎందుకు పనికిరాదు?
ఇళ్లలో జాకెట్లు, లంగాలు కుట్టే మిషన్‌లో బట్టను ముందుకు లాగేవి అడుగునున్న పళ్లు మాత్రమే. పలుచని బట్టకు అది సరిపోతుంది. రెండు మూడు పొరల రెగ్జిన్, దాని కింద ఫోమ్ పెట్టి కుడితే అడుగు పొర ముందుకు పోతుంది, పై పొర పాదానికి అతుక్కుని వెనుకబడుతుంది. వరుస చివరికి వచ్చేసరికి రెండు అంచులు కలవవు. అందుకే కుషన్ పనికి ‘వాకింగ్ ఫుట్’ మిషన్లు వాడతారు. వీటిలో లోపలి పాదం, వెలుపలి పాదం అని రెండు ఉంటాయి. అవి అడుగులు వేసినట్లు ఒకదాని తరువాత ఒకటి లేస్తాయి. సూది, లోపలి పాదం, అడుగు పళ్లు మూడూ కలిసి ఒకేసారి వెనక్కి జరుగుతాయి. ఫలితంగా పొరలన్నీ సమంగా కదులుతాయి. పవర్ మిషన్‌ను ఏ కంపెనీది అయినా ‘జుకి’ అనడం మన ప్రాంతంలో పరిపాటి. జుకి అనేది జపాన్‌కు చెందిన సంస్థ పేరు. కొనేటప్పుడు పేరు కన్నా, సూది కూడా నడిచే రకమా కాదా అన్నదే ముందుగా చూడాలి.

బిగించేటప్పుడే జాగ్రత్త
మిషన్ స్టాండు నేలపై కదలకుండా కూర్చోవాలి. నాలుగు కాళ్లలో ఒకటి ఎత్తుగా ఉన్నా అదురు పుడుతుంది. ఆ అదురుకు మరలు వదులవుతాయి, కుట్టు వంకర పోతుంది. బల్ల ఎత్తు కుట్టేవారి మోచేతికి అటూఇటుగా ఉండాలి. సీటు కవరు బరువు కిందికి వేలాడితే అది సూదిని పక్కకు లాగి విరిచేస్తుంది. కాబట్టి ఎడమవైపున, వెనుకవైపున బల్లను పొడిగించుకోవడం మేలు.

మోటారు బిగించిన తరువాత మొదట చూడవలసింది తిరిగే దిశ. చేతి చక్రం పైభాగం కుట్టేవారి వైపునకు తిరగాలి. వైర్లు తారుమారై వ్యతిరేక దిశలో తిరిగితే కుట్టు పడదు, దారం షటిల్‌లో చిక్కుకుంటుంది. బెల్టు మధ్యలో వేలితో నొక్కితే సుమారు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు లోపలికి పోవాలి. మరీ బిగువైతే బేరింగులు అరుగుతాయి, వదులైతే మందమైన చోట చక్రం జారిపోతుంది. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగు తప్పనిసరి. ఇనుప స్టాండుకు కరెంటు ప్రసరిస్తే ప్రాణానికే ముప్పు.

క్లచ్ మోటారా? సర్వో మోటారా?
పాత మిషన్లకు ఉండేది క్లచ్ మోటారు. స్విచ్ వేసింది మొదలు, కుట్టినా కుట్టకపోయినా అది తిరుగుతూనే ఉంటుంది. సర్వో మోటారు పెడల్ నొక్కినప్పుడే తిరుగుతుంది. వేగానికి పరిమితి పెట్టుకోవచ్చు. ఒక్కో కుట్టు చొప్పున నెమ్మదిగా వేసే వీలుంటుంది. సీటు మూలలు తిప్పేటప్పుడు, పైపింగ్ వేసేటప్పుడు ఈ సౌకర్యం ఎంతో ఉపకరిస్తుంది. పని నేర్చుకునే కుర్రవాళ్లకు ఇదే క్షేమం.

క్లచ్ మోటారుతోనే సరిపెట్టుకునేవారు పుల్లీ మార్చి వేగం తగ్గించుకోవచ్చు. లెక్క సులువే. నిమిషానికి 1,440 చుట్లు తిరిగే మోటారుకు 50 మిల్లీమీటర్ల పుల్లీ, మిషన్ చక్రానికి 100 మిల్లీమీటర్ల పుల్లీ ఉంటే నిమిషానికి 720 కుట్లు పడతాయి. అదే 2,850 చుట్ల మోటారైతే 1,425 కుట్లు అవుతాయి. మోటారు పుల్లీ చిన్నదయ్యే కొద్దీ వేగం తగ్గుతుంది, మందమైన పొరలను గుచ్చే బలం పెరుగుతుంది. వేగం మితిమీరితే సూది వేడెక్కి నైలాన్ దారం కరిగి తెగిపోయే ప్రమాదం కూడా ఉంది.

సూదికి తగ్గ దారం
సూది ప్యాకెట్‌పై ఉండే 110, 125, 140 అంకెలు సూది మందాన్ని తెలుపుతాయి. 110 అంటే 1.10 మిల్లీమీటర్లు. దారం మందాన్ని ‘టెక్స్’లలో చెబుతారు. వెయ్యి మీటర్ల దారం 70 గ్రాములు తూగితే అది 70 టెక్స్. సాధారణంగా 70 టెక్స్ దారానికి 110 సూది, 90 టెక్స్‌కు 125, 135 టెక్స్‌కు 140 సూది సరిపోతాయి. లావు దారాన్ని సన్న సూదిలో ఎక్కిస్తే పోగులు విడిపోతాయి. సన్న దారానికి లావు సూది వాడితే రంధ్రం పెద్దదై కుట్టు వికారంగా కనిపిస్తుంది.

దారం రకం కూడా ముఖ్యమే. నైలాన్ దారం బలమైనదే అయినా ఎండకు క్రమంగా సత్తువ కోల్పోతుంది. ఇంట్లో సోఫాకు అది చాలు. ఎండలో నిలిచే ఆటోలకు, ట్రాక్టర్లకు, మోటారు సైకిళ్ల సీట్లకు పాలిస్టర్ దారమే మేలు. నూలు దారం తడికి కుళ్లిపోతుంది కాబట్టి సీట్ల పనికి పనికిరాదు.

సూది బిగించేటప్పుడు ఒక గుర్తు చూడాలి. సూదికి ఒకవైపు పొడవాటి గాడి, రెండోవైపు కన్నుకు కాస్త పైన చిన్న పల్లం ఉంటాయి. పల్లం ఉన్న వైపు షటిల్ మొనకు ఎదురుగా రావాలి. దారం గాడి వైపు నుంచి ఎక్కాలి. సూదిని పైకి పూర్తిగా నెట్టిన తరువాతే మర బిగించాలి. కాస్త కిందికి దిగినా కుట్లు తప్పుతాయి.

దగ్గర కుట్టు బలం కాదు
కుట్లు ఎంత దగ్గరగా ఉంటే అతుకు అంత గట్టిదన్న అపోహ చాలామందిలో ఉంది. బట్టకు కొంతవరకు నిజమే కానీ రెగ్జిన్‌కు ఇది చేటు. రెండు మిల్లీమీటర్ల కుట్టు వేస్తే మీటరు పొడవున 500 రంధ్రాలు పడతాయి. ఐదు మిల్లీమీటర్ల కుట్టుకు 200 మాత్రమే. తపాలా బిళ్లలు రంధ్రాల వెంబడి చిరిగినట్లే, దగ్గర కుట్టు వేసిన రెగ్జిన్ మనిషి బరువుకు అదే గీతపై చిరిగిపోతుంది. దారం చెక్కు చెదరకపోయినా సీటు నోరు తెరవడానికి కారణం ఇదే. అతుకులకు నాలుగు నుంచి ఐదు మిల్లీమీటర్ల కుట్టు అనువైనది.

బిగువు కుదిరితేనే అందం
కుట్టు బిగువును ముందుగా కింద, తరువాత పైన సరిచూడాలి. బాబిన్ దారం చేత్తో లాగితే సాఫీగా, స్వల్ప నిరోధంతో రావాలి. ఆపైన పై దారపు టెన్షన్ మరను కొద్దికొద్దిగా తిప్పుతూ రెండు దారాల ముడి పొరల మధ్యన పడేలా చూసుకోవాలి. ముడి పైన కనిపిస్తే పై దారం బిగువు ఎక్కువైనట్లు, కింద కనిపిస్తే తక్కువైనట్లు. అడుగున దారం పిచుక గూడులా గుట్ట పడితే చాలామంది బాబిన్‌ను తప్పుపడతారు. అసలు తప్పు పైన ఉంటుంది. పాదం దించి ఉంచి దారం ఎక్కిస్తే అది టెన్షన్ బిళ్లల మధ్యకు వెళ్లదు. కాబట్టి ఎప్పుడూ పాదం ఎత్తి దారం ఎక్కించాలి. ప్రతి కొత్త పనికీ అదే రెగ్జిన్, అదే ఫోమ్ ముక్కపై నమూనా కుట్టు వేసి చూసుకున్న తరువాతే అసలు ముక్కపై సూది దించడం శ్రేయస్కరం.

మెకానిక్‌ను పిలిచే ముందు..
కుట్లు తప్పుతుంటే మొదట సూది మార్చాలి. వంగిన సూది, మొన మొద్దుబారిన సూదే ఎక్కువ సందర్భాల్లో కారణం. దారం పదే పదే తెగుతుంటే షటిల్ మొనను గోటితో తడిమి చూడాలి. విరిగిన సూది తగిలి అక్కడ గరుకు ఏర్పడి ఉంటే సన్నని ఎమరీ కాగితంతో సుతారంగా రుద్ది నునుపు చేయవచ్చు.

సూది ఆడుతున్నా కుట్టే పడకపోతే టైమింగ్ పోయిందని భయపడి మరలన్నీ విప్పేస్తుంటారు. ఇది పెద్ద పొరపాటు. చాలా వాకింగ్ ఫుట్ మిషన్లకు రక్షణ క్లచ్ ఉంటుంది. దారం చిక్కుకుని షటిల్ బిగుసుకుపోయినప్పుడు అది తనంతట తాను విడిపోయి లోపలి భాగాలను కాపాడుతుంది. చిక్కు తీసి, మిషన్‌తో వచ్చిన పుస్తకంలో చూపిన మీటను నొక్కి పట్టి, చక్రాన్ని చేత్తో తిప్పితే టక్కుమని తిరిగి కలుస్తుంది. ఈ ఒక్క విషయం తెలియక రోజుల తరబడి మిషన్ మూలన పెట్టుకునేవారున్నారు.

నిజంగానే టైమింగ్ చెడితే దాన్ని గుర్తించే పద్ధతి ఉంది. చక్రాన్ని చేత్తో తిప్పుతూ సూది అట్టడుగుకు చేరి, అక్కడి నుంచి సుమారు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు పైకి లేచినప్పుడు షటిల్ మొన సూది మధ్యకు రావాలి. అప్పుడు మొన సూది కన్నుకు కొంచెం పైన, పల్లంలో, తగిలీ తగలనట్లుగా ఉండాలి. ఈ కొలత మిషన్‌ను బట్టి కొద్దిగా మారుతుంది. అనుభవం లేనివారు ఈ పనిని మెకానిక్‌కు అప్పగించడమే మంచిది.

రోజుకు పది నిమిషాలు
ఉదయం పని మొదలుపెట్టే ముందు షటిల్ దగ్గరి దారపు పోగులు, ఫోమ్ పొడి బ్రష్‌తో తుడిచి ఒక చుక్క నూనె వేయాలి. వారానికోసారి సూది కింది ప్లేటు విప్పి పళ్ల మధ్య పేరుకున్న మట్టి తీయాలి. తయారీదారు గుర్తు పెట్టిన రంధ్రాలన్నింటిలో నూనె పోసి, రెండు నిమిషాలు దారం లేకుండా, పాదం ఎత్తి నెమ్మదిగా నడపాలి. ఆ తరువాత పాత గుడ్డ ముక్కపై కుడితే అదనపు నూనె దానికి అంటుతుంది, ఖరీదైన రెగ్జిన్‌పై మరకలు పడవు. మిషన్‌కు వాడవలసింది కుట్టుమిషన్ల కోసం అమ్మే పలుచని తెల్ల నూనె మాత్రమే. ఇంట్లో ఉన్న కొబ్బరినూనె పోస్తే అది కాలక్రమేణా జిగురుగా మారి కదిలే భాగాలను పట్టేస్తుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ అంతకన్నా చేటు. బిగుసుకున్న మిషన్‌ను మోటారు బలంతో తిప్పాలని చూడకూడదు. చక్రం చేత్తో తేలిగ్గా తిరగనిదే స్విచ్ వేయరాదు.

మరో హెచ్చరిక. క్లచ్ మోటారు స్విచ్ ఆపిన తరువాత కూడా కొంతసేపు తిరుగుతూ ఉంటుంది. ఆ సమయంలో పొరపాటున పెడల్‌పై కాలు పడితే సూది దిగుతుంది. దారం ఎక్కించేటప్పుడు, సూది మార్చేటప్పుడు మోటారు పూర్తిగా ఆగిందని నిర్ధారించుకోవాలి. వేళ్లను కాపాడే సూది గార్డును అడ్డుగా ఉందని తీసేయడం ప్రమాదకరం.

పాత మిషన్ కొంటున్నారా?
కొత్తది కొనే స్తోమత లేక చాలామంది వాడిన మిషన్లవైపు మొగ్గుతున్నారు. రంగు చూసి మోసపోకుండా కొన్ని పరీక్షలు చేయాలి. చక్రాన్ని చేత్తో తిప్పితే ఎక్కడా పట్టేయకూడదు. సూది కడ్డీని పట్టి కదిపితే ఊగకూడదు. రెండు పాదాలూ సమంగా లేవాలి. షటిల్ మొన విరిగి ఉండరాదు. అన్నింటికీ మించి, మనం రోజూ కుట్టే రెగ్జిన్‌ను వెంట తీసుకెళ్లి నాలుగు మడతలు వేసి మన చేత్తోనే కుట్టి చూడాలి. అమ్మేవారు గుడ్డ ముక్కపై కుట్టి చూపించినంత మాత్రాన అది మన పనికి తగినదని కాదు. విడిభాగాలు దగ్గరి పట్టణంలో దొరుకుతాయో లేదో ముందే విచారించాలి.

పెట్టుబడి కోసం అధిక వడ్డీకి అప్పు చేసేవారు బ్యాంకుల్లో ముద్ర రుణాల గురించి వాకబు చేయవచ్చు. 2015లో మొదలైన ఈ పథకంలోని శిశు విభాగం కింద రూ.50 వేల వరకు రుణం లభిస్తుంది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని కూడా ఉంది. ఇందులో పరికరాల కోసం రూ.15 వేల ప్రోత్సాహకం, తొలి విడతగా రూ.లక్ష వరకు 5 శాతం వడ్డీకి రుణం ఇచ్చే ఏర్పాటు ఉంది. అర్హత వివరాలను దరఖాస్తుకు ముందే తెలుసుకోవడం అవసరం.

మిషన్ కొనడానికి అప్పు దొరకవచ్చు. దాన్ని నిలబెట్టుకోవడానికి కావలసింది మాత్రం రోజూ ఒక చుక్క నూనె, ఒక మంచి సూది, పది నిమిషాల ఓపిక. ఆ మాత్రం శ్రద్ధ చూపితే కుట్టిన సీటు ఏళ్ల తరబడి నిలుస్తుంది. దాంతోపాటే దుకాణం పేరూ నిలుస్తుంది.