టీడీఎస్ మీటర్‌కి కనిపించనిది

ఇంజినీరింగ్ రోజుల్లో మా రూమ్‌లో నీళ్ల ఎక్స్‌పర్ట్‌ని నేనే. కొత్తగా కొన్న టీడీఎస్ మీటర్‌ని క్యాన్ నీళ్లలో ముంచితే 70 చూపించింది. ‘సూపర్ వాటర్ రా, తాగేయ్’ అన్నా. రెండు వారాలకి రూమ్మేట్ టైఫాయిడ్‌తో మంచమెక్కాడు. ఆ నీళ్ల వల్లేనా? చెప్పలేను. నా మీటర్ కూడా చెప్పలేదు. అది లెక్కపెట్టేది నీళ్లలో కరిగిన లవణాలను, క్రిములను కాదు!

ఒక్కటి దొరికినా డేంజరే

టైఫాయిడ్, కలరా, కామెర్లు... ఒక్కో జబ్బు క్రిమినీ విడిగా వెతకాలంటే బోలెడు ఖర్చు, టైమ్. అందుకే ల్యాబ్‌లు ఈ-కోలిని వెతుకుతాయి. 1885లో థియోడర్ ఎషెరిక్ గుర్తించిన ఈ బ్యాక్టీరియా మనుషుల, జంతువుల పేగుల్లో ఉంటుంది. చాలా రకాలు హాని చేయవు. కానీ నీళ్లలో కనిపిస్తే మలం కలిసినట్టే. నిప్పు లేనిదే పొగ రాదు కదా! మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు.

రంగు చెప్పే రిజల్ట్

ఒక పద్ధతిలో శాంపిల్‌కి ప్రత్యేకమైన పొడి కలిపి, 35 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచుతారు. పసుపు రంగుకు మారితే కోలిఫాంలు ఉన్నట్టు. యూవీ లైట్ కింద నీలంగా మెరిస్తే ఈ-కోలి కూడా ఉన్నట్టు. ఊళ్లలో వాడే హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా ఇంకా సింపుల్: నీళ్లు పోశాక నల్లబడితే అనుమానించాలి, ల్యాబ్‌లో నిర్ధారించుకోవాలి. దీన్ని 1982లో ప్రపంచానికి పరిచయం చేసింది మన దేశ శాస్త్రవేత్తలే.

ఈ-కోలి లేదంటే అంతా సేఫ్ అని కూడా కాదు. 1993లో అమెరికాలోని మిల్వాకీలో క్లోరిన్‌కి లొంగని క్రిప్టోస్పోరిడియం వల్ల సుమారు 4 లక్షల మంది జబ్బుపడ్డారు. అప్పుడు శుద్ధిచేసిన నీటిలో కోలిఫాంలు దొరకలేదు.

మనకేంటి ఛాన్స్?

మైక్రోబయాలజీ, బయోటెక్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లకి నీటి పరీక్షల ల్యాబ్‌లు, ఫుడ్, కూల్‌డ్రింక్ కంపెనీల్లో అవకాశాలుంటాయి. శాంపిల్ తీయడం నుంచే నేర్చుకోండి. కుళాయి మూతిని, సీసాని స్టెరిలైజ్ చేయకపోతే రిజల్టే తప్పవుతుంది. మరి ఎలక్ట్రానిక్స్, కోడింగ్ వాళ్లకి? రిపోర్టుకి ఒక రోజు పడుతుంది. ఈలోపు ఊరంతా ఆ నీళ్లు తాగేస్తుంది. ఆ ఒక రోజుని ఒక గంటకి తగ్గించే చవకైన సెన్సర్ కావాలి.

నా మీటర్ ఇంకా ఉంది. ఇప్పుడు దాన్ని ఎవరికి చూపించినా, అది ఏం చెప్పదో ముందు చెబుతున్నా.