మూసీ ఒడ్డున ఎష్ నక్షాలు

నయాపూల్ మీద బస్సు ఆగినప్పుడు (ఆగకుండా పోయేదెప్పుడు కనుక!) పడమటి వైపు చూడండి. మూసీకి దక్షిణపు గట్టున హైకోర్టు, ఉత్తరపు గట్టున ఉస్మానియా దవాఖానా ఒకదాన్నొకటి చూసుకుంటూ నిలబడి ఉంటాయి. రెండింటిలోనూ చెయ్యున్న ఇంగ్లీషు ఆర్కిటెక్టు విన్సెంట్ ఎష్.

ఆయన్ని హైదరాబాదుకు రప్పించింది ఒక రకంగా మూసీయే. 1908 సెప్టెంబర్ 28 నాటి వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. దవాఖానా ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారని చెప్పుకుంటారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఊరిని మళ్లీ తీర్చిదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కొత్త కోర్టు, ఆసుపత్రి, బడి కట్టించాలనుకున్నాడు. ఆ పనుల కోసం వచ్చినవాడే ఎష్.

అంతకుముందు ఆయన పని కలకత్తాలో. అక్కడి విక్టోరియా మెమోరియల్ నమూనా విలియం ఎమర్సన్‌ది, దగ్గరుండి కట్టించే బాధ్యత ఎష్‌ది. హైదరాబాదులోనూ అలాంటి పాత్రే ఎదురైంది. హైకోర్టు నక్షా గీసింది జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్. దాన్ని ఎర్ర ఇసుకరాయిలోకి, ఇక్కడి గ్రానైటులోకి దించే పని ఎష్ చేతికొచ్చింది. 1915లో మొదలైన కట్టడం 1919లో పూర్తయి, మరుసటి ఏడు ప్రారంభమైంది. శంకర్‌లాల్ పేరు మాత్రం ఎక్కువమందికి తెలియదు. గీసినవాడి కంటే కట్టించినవాడి పేరే నిలవడం మన దగ్గర కొత్తేమీ కాదు. 2009లో మంటలు ఆ కోర్టులో కొంత భాగాన్ని కాల్చేశాయి, తర్వాత బాగుచేశారు.

హైకోర్టు పక్కనే ఉన్న సిటీ కాలేజీ, అవతలి గట్టు మీది దవాఖానా ఎష్ నక్షాలే. గుమ్మటాలు, ఛత్రీలు, ఎత్తయిన కమానులు చూసి ఈ శైలికి ఇండో సారసెనిక్ అని పేరు పెట్టేస్తారు. నాకైతే ఆ ముద్ర కంటే దవాఖానా పొడవే ఎక్కువ ఆశ్చర్యం. రోగులు పడుకునే చోటికి నదీముఖంగా ఇంత దర్జా ఎవరిస్తారు? 2020 జులైలో వాన నీరు వార్డుల్లోకి చేరడంతో రోగులను తరలించి, ఆ పాత భవనానికి తాళం వేశారు.

అన్నిటికంటే తెగువ చూపింది మాత్రం కాచిగూడ రైల్వే స్టేషనులో, 1916లో. ఇనుప కడ్డీలు పెట్టిన కాంక్రీటును ముందే అచ్చుల్లో పోతపోసి, ఆ ముక్కలను తెచ్చి అమర్చారు. మన దేశంలో ఆ పద్ధతి అప్పటికింకా కొత్త. ఛత్రీలూ కమానులూ చూసి రాతి కట్టడమే అనుకుంటూ, జనం ఇప్పటికీ వాటి కిందుగానే రైలెక్కుతున్నారు.