సన్యాసుల మఠమునకు ఊళ్లెందుకు?

జపతపములతో కాలము గడుపు సన్యాసులకు పొలములతో పనియేమని పిల్లలు అడుగవచ్చును. ఐరోపాలో టెంప్లర్ వీరసన్యాసులు యుద్ధవ్యయమునకై పల్లెలలో వ్యవసాయక్షేత్రములు నడపినట్లే, మన గోళకీమఠ శైవాచార్యులును గ్రామముల నేలిరి. రాబడి పోయిన దారి మాత్రము వేరు. కృష్ణాతీరమందలి మల్కాపురములోని 1261 నాటి శిలాశాసనము ననుసరించి, తండ్రి గణపతిదేవుడు మాటయిచ్చిన మందడము గ్రామమును వెలగపూడితోగూడ కాకతీయ రాణి రుద్రమదేవి గోళకీమఠాచార్యుడగు విశ్వేశ్వర శివాచార్యునకు దానమొసగగా, ఆయన ఆదాయమును మూడు పాళ్లుచేసి, ఒకటి ఆలయమునకు, ఒకటి విద్యార్థులకును మఠమునకును, మూడవది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, సత్రమునకు కేటాయించెను. ఏడువందల యేండ్లకు పూర్వమే పల్లెటూర పురిటిశాల! అన్నము మాత్రము బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చినవారికెల్ల పెట్టవలెనని కట్టడి. పంటయు ధనమును ఉన్నచోట దొంగభయము తప్పదు గనుక, వీరభద్రులను పేర గ్రామరక్షకులనుగూడ నిలిపిరి.